స్వయంచోదిత, జ్ఞాన నాడీమార్గాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఆనవాళ్లను గుర్తించడం ఎలా

నైట్రిక్ ఆక్సైడ్ మిగతా న్యూరోట్రాన్స్‌మిటర్ల వంటిది కాదు. అది నాడుల చివర్లలోని సంచుల్లో నిల్వ ఉండదు. అవసరమైన క్షణంలో ఎల్-ఆర్జినిన్ నుంచి తయారై, కణత్వచాల గుండా చుట్టుపక్కలకు వ్యాపించి, కొద్ది సెకన్లలోనే కనుమరుగవుతుంది. అందువల్ల ఫిక్స్ చేసిన (రసాయనంతో స్థిరపరచిన) కణజాలంలో ఆ అణువును పట్టుకోవడం కుదరదు. దాన్ని తయారుచేసే ఎంజైమునైనా, అది చేరిన కణంలో పెరిగే సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువునైనా ఆనవాలుగా తీసుకోవాలి. మొదటిది ఇచ్చే కణాన్ని చూపుతుంది, రెండోది పుచ్చుకునే కణాన్ని చూపుతుంది. మీ స్లైడు మీద కనిపిస్తున్నది ఈ రెండింటిలో ఏదో ప్రతి దశలోనూ స్పష్టంగా ఉంటేనే ఫలితానికి అర్థం ఉంటుంది. కణజాల రంజనం (స్టెయినింగ్) అలవాటై ఉండి, నాడీసంధుల (గాంగ్లియాన్ల) మీద పని ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న పరిశోధక విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా ప్రశ్నను తేల్చుకోండి

నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌లో మూడు రూపాలున్నాయి. న్యూరాన్లలో ఉండేది ఎన్‌నాస్, రక్తనాళాల లోపలి పొరలో ఉండేది ఈనాస్, శోథ ఏర్పడినప్పుడు మాక్రోఫేజ్‌ల వంటి కణాల్లో పుట్టుకొచ్చేది ఐనాస్. మొదటి రెండూ కణంలో కాల్షియం పెరిగినప్పుడే కాల్‌మోడ్యులిన్ సాయంతో పనిచేస్తాయి. మూడోది కాల్‌మోడ్యులిన్‌ను గట్టిగా పట్టుకొని ఉంటుంది కనుక కాల్షియం పెరుగుదల కోసం ఎదురుచూడదు. ఆరోగ్యవంతమైన జంతువులో మూత్రాశయానికి వెళ్లే న్యూరాన్లలో ఎన్ని నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయగలవన్నది మీ ప్రశ్న అయితే ఎన్‌నాస్ ఒక్కటి చాలు. మూత్రాశయ శోథలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కడి నుంచి వస్తోందన్నది ప్రశ్న అయితే మూడింటినీ విడివిడిగా చూడక తప్పదు.

ఏ నాడీసంధిని ఎంచుకుంటారన్నది కూడా ఈ దశలోనే నిర్ణయించాలి, ఎందుకంటే ఎన్‌నాస్ పంపిణీ చోటుచోటుకూ చాలా తేడాగా ఉంటుంది. సహసహానుభూత (పారాసింపథెటిక్) పక్షంలో కంటి వెనుక ఉండే స్ఫీనోపలటైన్ నాడీసంధిలో అధిక సంఖ్యాక న్యూరాన్లు ఎన్‌నాస్‌తో పాటు వీఐపీ పెప్టైడ్‌ను కూడా కలిగి ఉండి, మెదడు ధమనులను వ్యాకోచింపజేస్తాయి. శ్రోణి నాడీసంధిలో పురుషాంగానికి వెళ్లే న్యూరాన్లు కూడా ఇలాంటివే. సహానుభూత (సింపథెటిక్) పక్షంలో పరిస్థితి తలకిందులు: నాడీసంధి పర న్యూరాన్లలో ఎన్‌నాస్ అరుదు, కాని వెన్నుపాము ఉరోభాగంలోని మధ్యపార్శ్వ స్తంభంలో ఉండే నాడీసంధి పూర్వ న్యూరాన్లలో అది పుష్కలం. అందుకే మెడలోని సహానుభూత నాడీసంధి అయిన ఊర్ధ్వ గ్రీవా నాడీసంధిని రంజనం చేస్తే కణదేహాలు ఖాళీగా ఉండి, వాటిని అల్లుకున్న సన్నని నాడుల చివర్లు మాత్రం రంగు పట్టడం చూస్తారు. ఇది తెలియనివారు రంజనం విఫలమైందని అనుకునే ప్రమాదం ఉంది.

పేగు గోడలోని మయెంటెరిక్ వలలో కండరాన్ని సడలించే చాలక న్యూరాన్లకు ఎన్‌నాస్ దాదాపు గుర్తింపు చిహ్నం వంటిది. జ్ఞాన నాడుల పక్షంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎలుక కటిభాగపు పృష్ఠమూల నాడీసంధుల్లో (వెన్నుపాము పక్కన జ్ఞాన న్యూరాన్ల కణదేహాలుండే గుంపుల్లో), అంటే ఎల్4, ఎల్5లలో, మామూలు స్థితిలో ఎన్‌నాస్ ఉన్న న్యూరాన్లు చాలా తక్కువ. ఉరోభాగపు నాడీసంధుల్లో అంతకంటే ఎక్కువ. సయాటిక్ నాడిని తెంచిన కొద్ది రోజులకు ఆ కటి నాడీసంధుల్లోనే వాటి సంఖ్య బాగా పెరుగుతుంది. కాబట్టి ఏ వెన్నెముక మట్టం నుంచి నాడీసంధిని తీశారో రాసిపెట్టుకోకపోతే, మట్టాల మధ్య ఉండే సహజమైన తేడాను చికిత్స ప్రభావంగా పొరబడటం తేలిక. నాడీసంధిని తీసేటప్పుడు చివరి పక్కటెముకను గుర్తుగా పెట్టుకొని లెక్కించి, ప్రతి సీసా మీద మట్టమూ పక్కా రెండూ రాయండి.

కణజాలాన్ని తీయడం, ఫిక్స్ చేయడం

మీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. గాఢమైన మత్తులో ఉన్న జంతువు గుండె ద్వారా ముందు హెపారిన్ కలిపిన సెలైన్‌ను, ఆ వెంటనే 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో పీహెచ్ 7.4 వద్ద కలిపిన 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ను పంపాలి. రక్తం పూర్తిగా పోవాలి. మిగిలిపోయిన ఎర్రకణాలు ఫ్లోరోసెన్స్ చిత్రాల్లో మెరుస్తూ విసిగిస్తాయి. పారాఫార్మాల్డిహైడ్‌ను ఎప్పటికప్పుడు తాజాగా, ఫ్యూమ్‌హుడ్ లోపల, చేతి తొడుగులతో కలపండి.

ఎలుకలో శ్రోణి నాడీసంధి మగజంతువులో ప్రోస్టేట్ పృష్ఠపార్శ్వ తలం మీద, పలుచని పొర కింద, చదునుగా పరచుకొని ఉంటుంది. దాన్ని నేరుగా వెతకడం కన్నా, పైనుంచి దిగివచ్చే హైపోగ్యాస్ట్రిక్ నాడినో, పక్కనుంచి వచ్చే శ్రోణి నాడినో పట్టుకొని అది చేరే చోటికి వెళ్లడం సులువు. అక్కడి నుంచి కిందికి, పురుషాంగం వైపు సాగే లావాటి కావెర్నస్ నాడి కనిపిస్తే మీరు సరైన చోటే ఉన్నారు. నాడీసంధిని ఫోర్సెప్స్‌తో నేరుగా పట్టుకోకండి. నాడి మొదళ్లను కొంచెం పొడవుగా వదిలి కత్తిరించి, వాటితో పట్టుకొని తీయండి. ఆ మొదళ్లే తరువాత సెక్షన్లలో ఏ వైపు ఏదో తెలుసుకోవడానికి పనికొస్తాయి. ఆడజంతువులో ఇదే నాడీసంధి గర్భాశయ గ్రీవం పక్కన ఉంటుంది.

తీసిన నాడీసంధులను అదే ద్రావణంలో 1 నుంచి 4 గంటలు మాత్రమే ఉంచి, ఫాస్ఫేట్ బఫర్‌లో కడిగి, 30 శాతం సుక్రోజ్‌లో అడుగుకు మునిగేదాకా 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచండి. రెండు మూడు రోజులు ఫిక్సేటివ్‌లో వదిలేస్తే యాంటిజెన్ మరుగునపడుతుంది, ఎంజైము చర్యాశీలత కూడా తగ్గుతుంది. మరీ తక్కువగా ఫిక్స్ చేయడం అంతకన్నా పెద్ద తప్పు. ఎందుకో కింద డయాఫొరేజ్ రంజనం దగ్గర చెబుతాను.

పేగును పూర్తి పొరగా పరచి చూడాలనుకుంటే, ముందుగా నికార్డిపిన్ కలిపిన క్రెబ్స్ ద్రావణంలో కండరాన్ని సడలనివ్వాలి. లేకపోతే ఫిక్సేటివ్ తగలగానే అది ముడుచుకుపోయి న్యూరాన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. సిలికోన్ అడుగున్న పళ్లెంలో సూదులతో సమంగా సాగదీసి ఫిక్స్ చేసి, తరువాత శ్లేష్మ పొరను, దాని కింది పొరను, చివరికి వలయ కండరాన్ని సన్నని ఫోర్సెప్స్‌తో పోగులు పోగులుగా ఒలవండి. ఎంత సాగదీశారన్నదాన్ని బట్టి చదరపు మిల్లీమీటరుకు వచ్చే న్యూరాన్ల సంఖ్య మారిపోతుంది కనుక, వైశాల్యం లెక్కన కాక మొత్తం న్యూరాన్లలో శాతంగా చెప్పడం మేలు.

నాడీసంధులకు 12 నుంచి 20 మైక్రాన్ల క్రయోస్టాట్ సెక్షన్లు, వెన్నుపాముకు బఫర్‌లో తేలే 30 నుంచి 40 మైక్రాన్ల సెక్షన్లు అనుకూలం. మధ్యపార్శ్వ స్తంభాన్ని అడ్డంగా కోస్తే ప్రతి సెక్షన్‌లో నాలుగైదు కణాలకు మించి దొరకకపోవచ్చు. అదే వెన్నుపామును పొడవునా క్షితిజ సమాంతరంగా కోస్తే న్యూరాన్ల గుంపులు రెండు పక్కలా వరుసగా, వాటిని కలిపే పోగులు మెట్లుగా, నిచ్చెన పరిచినట్లు కనిపిస్తాయి. చికిత్స తరువాత ఏ ఖండంలో కణాలు తగ్గాయో చూడాలంటే ఈ కోతే అసలైనది.

డయాఫొరేజ్ రంజనం

ఎన్‌ఏడీపీహెచ్ డయాఫొరేజ్ చర్య చూపే న్యూరాన్లను 1960లలోనే గుర్తించినా, ఫిక్స్ చేసిన నాడీకణజాలంలో ఆ చర్యకు మూలం నైట్రిక్ ఆక్సైడ్ సింథేజేనని 1991లో తేలింది. ఎంజైములోని రిడక్టేజ్ భాగం ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లను తీసుకొని, వాటిని ఆర్జినిన్ వైపు పంపే బదులు నైట్రోబ్లూ టెట్రాజోలియం అనే రంగుపదార్థానికి అందిస్తుంది. అది కరగని నీలి ఫార్మజాన్‌గా మారి అక్కడే పేరుకుంటుంది. యాంటీబాడీలు అక్కరలేదు, ఒక పూటలో అయిపోతుంది, ఖర్చు తక్కువ, చిన్న కొమ్మల దాకా న్యూరాన్ ఆకారం చక్కగా వస్తుంది. యాంటీబాడీలు సులభంగా దొరుకుతున్న ఈ రోజుల్లో కూడా, కొత్త కణజాలం మీద మొదటి చూపుకు దీన్నే వాడమని నేను చెబుతాను.

కానీ శరీరంలో ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకునే ఎంజైములు ఇంకా ఎన్నో ఉన్నాయి. సైటోక్రోమ్ పీ450 రిడక్టేజ్ వాటిలో ఒకటి. ఫార్మాల్డిహైడ్ తగలగానే వాటి చర్య చాలావరకు అణగిపోతుంది, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌ది మాత్రం నిలుస్తుంది. ఈ రంజనానికి ఉన్న నిర్దిష్టత అంతా ఫిక్సేషన్ ఇచ్చినదే. సరిగా ఫిక్స్ కాని నాడీసంధిలో ప్రతి న్యూరానూ ఎంతో కొంత నీలంగా మారేది ఇందుకే.

చేసే విధానం ఇది. పీహెచ్ 8.0 వద్ద 0.1 మోలార్ ట్రిస్ బఫర్ తీసుకొని, అందులో 0.3 శాతం ట్రైటాన్ ఎక్స్-100 కలపండి. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున బీటా-ఎన్‌ఏడీపీహెచ్, 0.2 మిల్లీగ్రాము చొప్పున నైట్రోబ్లూ టెట్రాజోలియం వేయాలి. రెండోదాన్ని ముందు కొద్ది చుక్కల డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగిస్తే గడ్డకట్టదు. ద్రావణాన్ని వాడే ముందే కలిపి, వెలుతురు తగలకుండా ఉంచండి. సెక్షన్లను బఫర్‌లో కడిగి, ఈ ద్రావణంలో 37 డిగ్రీల వద్ద చీకటిలో ఉంచండి. పదిహేను నిమిషాలకు ఒకసారి తీసి సూక్ష్మదర్శిని కింద చూడండి. మొదట కణద్రవ్యంలో పలుచని లేత నీలం వస్తుంది. క్రమంగా అది ముదిరి, రంగు పట్టని కేంద్రకం మధ్యలో తెల్లని గుండ్రని మచ్చలా నిలుస్తుంది. ఆ తరువాత పోగులు తేలతాయి. పోగులు స్పష్టమై, వెనుక భాగం ఇంకా తేటగా ఉన్న దశలో చల్లని బఫర్‌లో వేసి చర్యను ఆపాలి. సాధారణంగా దీనికి 30 నుంచి 60 నిమిషాలు పడుతుంది. ఇంకాసేపు ఉంచితే ఇంకా బాగా వస్తుందన్న ఆశతో వదిలేస్తే కేంద్రకం కూడా కప్పుకుపోయి, లెక్కించడానికి ఆధారమే పోతుంది. గ్లిజరాల్ ఉన్న జల మాధ్యమంతో కవర్‌స్లిప్ వేయండి.

కంట్రోళ్లు ప్రతి విడతలోనూ ఉండాలి. ఒక స్లైడుకు ఎన్‌ఏడీపీహెచ్ లేని ద్రావణం, ఇంకోదానికి నైట్రోబ్లూ టెట్రాజోలియం లేని ద్రావణం ఇవ్వండి; రెండింటిలోనూ రంగు రాకూడదు. ఎల్-నేమ్ వేసి నీలాన్ని ఆపాలని ప్రయత్నించేవారు ఉంటారు. అది ఆర్జినిన్ కూర్చునే చోటును అడ్డుకుంటుంది, నీలం పుట్టేదేమో రిడక్టేజ్ భాగంలో; కాబట్టి రంగు ఆగకపోతే అది ఎన్‌నాస్ కాదని తేల్చేయకూడదు. ఇక రక్తనాళాల లోపలి పొరలో ఈనాస్ వల్ల లేత నీలం గీతలు వస్తాయి. సన్నని నాళిక గీతనూ నాడీపోగునూ వేరుచేయడానికి, పోగు వెంట ఉండే పూసల వంటి ఉబ్బులను వెతకండి. నాళికకు అవి ఉండవు.

ఎన్‌నాస్ యాంటీబాడీతో రంజనం

డయాఫొరేజ్ ఏ రూపమో చెప్పదు, ఇంకో రెండు మూడు ఆనవాళ్లతో కలిపి చూడటానికీ వీలివ్వదు. అక్కడ ఇమ్యునోఫ్లోరోసెన్స్ అవసరం. సెక్షన్లను 0.3 శాతం ట్రైటాన్ ఉన్న బఫర్‌లో, సెకండరీ యాంటీబాడీ ఏ జంతువు నుంచి వచ్చిందో ఆ జంతువు సీరంను 10 శాతం కలిపి ఒక గంట బ్లాక్ చేయండి. ప్రైమరీ యాంటీబాడీని (ఎంజైమును పట్టేదాన్ని) 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచండి. పూర్తి పొరలకు, మొత్తం నాడీసంధులకు రెండు మూడు రోజులు కావాలి. బఫర్‌లో మూడుసార్లు కడిగి, ఫ్లోరోసెంట్ సెకండరీని (ప్రైమరీని పట్టి వెలిగేదాన్ని) గది ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలు ఇచ్చి, మళ్లీ కడిగి మౌంట్ చేయండి. యాంటీబాడీ పలుచదనాన్ని తయారీదారు కాగితం చూసి నిర్ణయించకుండా, 200 రెట్లు నుంచి 4,000 రెట్లు దాకా మీరే ఒక వరుస చేసి చూసుకోండి.

యాంటీబాడీ నిజంగా ఎన్‌నాస్‌నే పడుతోందా అన్నది అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న, అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యే ప్రశ్న కూడా ఇదే. సెకండరీ మాత్రమే ఇచ్చిన స్లైడు ఖాళీగా ఉందంటే సెకండరీ బాగుందని తెలుస్తుంది తప్ప ప్రైమరీ గురించి ఏమీ తెలియదు. అనుమస్తిష్కం కణజాలంతో వెస్టర్న్ బ్లాట్ చేస్తే దాదాపు 160 కిలోడాల్టన్ల వద్ద ఒక గీత రావాలి. ఎన్‌నాస్ జన్యువును తొలగించిన చిట్టెలుక కణజాలం దొరికితే అది ఇంకా గట్టి పరీక్ష, అయితే ఇక్కడొక మెలిక ఉంది. 1993లో తొలిసారి తయారైన ఆ చిట్టెలుకల్లో రెండో ఎక్సాన్‌నే తీసేశారు. దాంతో ఎన్‌నాస్ ఆల్ఫా రూపం పోయింది గాని, ఆ ఎక్సాన్ లేకుండానే ఏర్పడే బీటా, గామా రూపాలు మిగిలే అవకాశం ఉంది. మీ యాంటీబాడీ ప్రోటీన్ కార్బాక్సీ చివరను గుర్తించేదైతే ఆ జంతువుల్లో కొంత రంజనం కనిపించవచ్చు. అది యాంటీబాడీ తప్పని రుజువు కాదు. ఆరో ఎక్సాన్ తొలగించిన తరువాతి తరం జంతువులు ఈ పరీక్షకు మెరుగు. కాబట్టి యాంటీబాడీ కొనేముందే అది ప్రోటీన్‌లో ఏ భాగాన్ని గుర్తిస్తుందో చూసుకోండి.

జ్ఞాన న్యూరాన్లలోనూ పేగు న్యూరాన్లలోనూ వయసుతో పాటు లైపోఫస్సిన్ గుళికలు పేరుకుంటాయి. అవి అన్ని ఫిల్టర్లలోనూ వెలుగుతాయి. ఆకుపచ్చ ఛానెల్‌లో కణద్రవ్యం ఒకవైపు గరుకుగా, చుక్కలు చుక్కలుగా మెరుస్తూ, ఎరుపు ఛానెల్‌లో కూడా సరిగ్గా అదే ఆకారం కనిపిస్తే అది మీ ఆనవాలు కాదు. అసలైన ఎన్‌నాస్ రంజనం కణద్రవ్యమంతా సమంగా పరచుకొని ఆక్సాన్ మొదలు దాకా సాగుతుంది. అవసరమైతే రంజనం అయిపోయాక 70 శాతం ఆల్కహాల్‌లో 0.1 శాతం సుడాన్ బ్లాక్‌తో కొద్ది నిమిషాలు తడిపి ఉంచవచ్చు, కాని అది అసలు వెలుగును కూడా కొంత తగ్గిస్తుంది.

ఒకే సెక్షన్‌లో యాంటీబాడీ, డయాఫొరేజ్ రెండూ కావాలంటే క్రమం ముఖ్యం: ముందు ఇమ్యునోఫ్లోరోసెన్స్ చేసి, ఫొటోలు తీసి, స్థానాలు గుర్తుపెట్టుకొని, కవర్‌స్లిప్ తీసేసి, ఆ తరువాతే డయాఫొరేజ్ చేయాలి. ఫార్మజాన్ ఒకసారి పేరుకున్నాక దాని కింద ఉన్న వెలుగు కనిపించదు.

తోడుగా వేటిని చూడాలి

ఎన్‌నాస్ ఒక్కటే ఉన్న చిత్రం న్యూరాన్ ఏ జాతిదో చెప్పదు. శ్రోణి నాడీసంధిలో సహానుభూత, సహసహానుభూత న్యూరాన్లు కలగలిసి ఉంటాయి. కనుక నారడ్రినాలిన్ న్యూరాన్లకు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌ను, కోలినెర్జిక్ వాటికి కోలిన్ అసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్‌ను జత చేయండి. వీఐపీ చాలావరకు నాడుల చివర్లకు వెళ్లిపోతుంది కనుక కణదేహాల్లో బలహీనంగా కనిపిస్తుంది; నాడీసంధిని కొల్చిసిన్ కలిపిన మాధ్యమంలో రాత్రంతా ఉంచితే రవాణా ఆగి, పెప్టైడ్ కణదేహంలో పోగవుతుంది. పృష్ఠమూల నాడీసంధిలో సీజీఆర్‌పీ, ఐబీ4, న్యూరోఫిలమెంట్ 200 అనే ఆనవాళ్లను జత చేస్తే న్యూరాన్ ఏ తరగతిదో తెలుస్తుంది. నాడిని గాయపరిచిన ప్రయోగమైతే ఏటీఎఫ్3 అనే ప్రోటీన్ రంజనం తప్పనిసరి. అది గాయపడిన న్యూరాన్ల కేంద్రకంలో కనిపిస్తుంది గనుక, ఎన్‌నాస్ పెరిగినది తెగిన న్యూరాన్‌లోనా, దాని పొరుగునున్న క్షేమమైన న్యూరాన్‌లోనా అన్నది ఒకే చిత్రంలో తేలుతుంది.

న్యూరాన్ ఏ అవయవానికి వెళుతోందో తెలియాలంటే ఫాస్ట్ బ్లూ వంటి రంగును ఆ అవయవం గోడలో సన్నని సూదితో పలు చోట్ల ఎక్కించి, దాదాపు వారం ఆగి నాడీసంధిని తీయాలి. సూది గుచ్చిన చోటి నుంచి రంగు కారి పక్క అవయవానికి అంటితే మొత్తం ఫలితం తారుమారవుతుంది. ప్రతి సూదిపోటు తరువాత కొద్దిసేపు సూదిని అక్కడే ఉంచి తీసి, ఆ చోటును దూదితో అద్ది, సెలైన్‌తో కడగండి. రంగును అవయవం మీద ఊరికే చుక్కగా వేసిన ఒక జంతువును కంట్రోల్‌గా ఉంచుకోండి.

పుచ్చుకునే కణాన్ని చూడటం

నైట్రిక్ ఆక్సైడ్‌కు ప్రధాన గ్రాహకం సాల్యుబుల్ గ్వానిలైల్ సైక్లేజ్. అది సైక్లిక్ జీఎంపీని తయారుచేస్తుంది, ఫాస్ఫోడైఎస్టరేజ్‌లు దాన్ని వెంటనే విరగ్గొడతాయి. కాబట్టి ఈ ప్రయోగం బతికున్న కణజాలంలోనే మొదలుకావాలి. నాడీసంధిని తీసిన వెంటనే 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డైఆక్సైడ్ పంపుతున్న క్రెబ్స్ ద్రావణంలో వేసి, స్థిమితపడ్డాక 1 మిల్లీమోలార్ ఐబీఎంఎక్స్ ఇచ్చి విచ్ఛిన్నాన్ని ఆపాలి. తరువాత నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదలచేసే 0.1 మిల్లీమోలార్ సోడియం నైట్రోప్రుసైడ్‌ను పది నిమిషాలు ఇచ్చి, క్షణం ఆలస్యం చేయకుండా చల్లని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో వేయండి. ఫార్మాల్డిహైడ్‌తో ప్రోటీన్‌కు అతుక్కున్న సైక్లిక్ జీఎంపీని గుర్తించేలా తయారైన యాంటీబాడీనే వాడాలి. నైట్రోప్రుసైడ్ లేని ముక్క, గ్వానిలైల్ సైక్లేజ్‌ను అడ్డుకునే ఓడీక్యూతో కలిపి ఉంచిన ముక్క కంట్రోళ్లుగా పక్కనే సాగాలి.

ఇందులో ఎదురయ్యే ఆశ్చర్యం ఏమిటంటే, పృష్ఠమూల నాడీసంధిలో సైక్లిక్ జీఎంపీ ఎక్కువగా వెలిగేది న్యూరాన్లలో కాదు, వాటిని చుట్టుకొని ఉండే శాటిలైట్ కణాల్లో. న్యూరాన్ చుట్టూ సన్నని వెలుగు వలయం కనిపిస్తే దాన్ని పొర అంచు లోపమని కొట్టిపారేయకండి. గ్లూటమిన్ సింథెటేజ్ యాంటీబాడీని జత చేసి అది శాటిలైట్ కణమేనని రుజువు చేసుకోండి. పేగులో ఇదే విధంగా కండర కణాలతో పాటు పేగు కదలికల లయను నడిపే కాజల్ మధ్యస్థ కణాలు కూడా స్పందిస్తాయి.

డీఏఎఫ్ అనే ఫ్లోరోసెంట్ రంగులతో నైట్రిక్ ఆక్సైడ్‌నే చూడవచ్చని చాలామంది ఉత్సాహపడతారు. ఆ రంగులు నైట్రిక్ ఆక్సైడ్‌తో నేరుగా కాక దాని ఆక్సీకరణ ఉత్పన్నాలతో చర్య జరుపుతాయి. ఆస్కార్బిక్ ఆమ్లం సంబంధిత పదార్థాలు వాటిని తప్పుదోవ పట్టిస్తాయి. ఎక్కువ వెలుతురు పడితే వాటంతటవే మెరుస్తాయి. ఎల్-నేమ్‌తో తగ్గని వెలుగును లెక్కలోకి తీసుకోకూడదు. గ్రీస్ పరీక్ష నైట్రైట్‌ను దాదాపు మైక్రోమోలార్ స్థాయిలో కొలవగలదు కాని, చిన్న నాడీసంధి ఒకటి విడుదల చేసే మోతాదుకు అది సాధారణంగా అందదు. వీటికన్నా సైక్లిక్ జీఎంపీ రంజనం మీద పెట్టిన శ్రమ దక్కుతుంది.

లెక్కించడం

మొత్తం న్యూరాన్ల సంఖ్య తెలియడానికి హూసీ/డీ వంటి సర్వ న్యూరాన్ ఆనవాలును తప్పక జత చేయండి. కేంద్రకం కనిపించిన కణాలనే లెక్కించండి. ఒకే కణం రెండుసార్లు లెక్కలోకి రాకుండా సెక్షన్ల మధ్య ఎడం పాటించాలి. 12 మైక్రాన్ల సెక్షన్లలో ప్రతి ఆరోదాన్ని తీసుకుంటే 72 మైక్రాన్ల ఎడం వస్తుంది, పెద్ద జ్ఞాన న్యూరాన్లకు కూడా అది సరిపోతుంది.

శాతాల్లో దాగి ఉండే ఒక పొరపాటును ఇక్కడ చెప్పాలి. పెద్ద కేంద్రకం ఎక్కువ సెక్షన్లలో కనిపిస్తుంది కనుక పెద్ద కణాలు లెక్కలో ఎక్కువగా వస్తాయి. 1946 నాటి అబర్‌క్రాంబీ సూత్రం ప్రకారం, లెక్కకు వచ్చిన సంఖ్యను సెక్షన్ మందంతో గుణించి, మందం, కేంద్రక వ్యాసాల మొత్తంతో భాగించాలి. 12 మైక్రాన్ల సెక్షన్‌లో 8 మైక్రాన్ల కేంద్రకాలున్న ఎన్‌నాస్ కణాలు 100, 16 మైక్రాన్ల కేంద్రకాలున్న నెగటివ్ కణాలు 100 కనిపించాయనుకుందాం. సవరించాక మొదటివి 60, రెండోవి 43 అవుతాయి. పైకి 50 శాతంగా కనిపించినది నిజానికి 58 శాతం. జ్ఞాన నాడీసంధుల్లో ఎన్‌నాస్ కణాలు ప్రధానంగా చిన్నవీ మధ్యస్థమైనవీ కనుక ఈ సవరణను అక్కడ వదిలేయడానికి వీల్లేదు.

ఏ వెలుగు స్థాయి నుంచి పాజిటివ్ అనాలో కంట్రోల్ స్లైడ్ల ఆధారంగా ముందే నిర్ణయించి రాసిపెట్టండి. అన్ని సమూహాల స్లైడ్లూ ఒకే పళ్లెంలో, ఒకే రోజు, ఒకే యాంటీబాడీ ద్రావణంతో సాగాలి. లెక్కించేవారికి ఏ స్లైడు ఏ సమూహానిదో తెలియకూడదు. గణాంకాల్లో లెక్కకు వచ్చేది జంతువు, కణం కాదు. నాలుగు జంతువుల నుంచి వెయ్యి కణాలు లెక్కించినా మీ నమూనా సంఖ్య నాలుగే.

అవయవ స్పందనతో సరిచూసుకోవడం

ఎంజైము ఉన్నంత మాత్రాన ఆ నాడి నైట్రిక్ ఆక్సైడ్‌తోనే కండరాన్ని సడలిస్తోందని చెప్పలేం. దాన్ని తేల్చడానికి అదే అవయవం నుంచి తీసిన కండర పట్టీని ఆర్గాన్ బాత్‌లో వేలాడదీసి, అట్రోపిన్, గ్వానెథిడిన్ ఇచ్చి కోలినెర్జిక్, అడ్రినెర్జిక్ ప్రభావాలను తొలగించండి. పురుషాంగంలోని కావెర్నస్ కణజాలాన్ని ఫినైలెఫ్రిన్‌తో ముందు బిగుసుకునేలా చేసి, సెకనుకు 1 నుంచి 10 పల్సుల చొప్పున విద్యుత్ ప్రేరణ ఇవ్వండి. వచ్చిన సడలింపు, నాడీ ప్రేరణలను ఆపే టెట్రోడోటాక్సిన్‌తో పూర్తిగా పోతే అది నాడి నుంచి వచ్చినదే. 100 మైక్రోమోలార్ ఎల్-నేమ్‌తో తగ్గి, దాని నిష్క్రియ ప్రతిబింబ రూపమైన డీ-నేమ్‌తో తగ్గకుండా ఉండాలి. మిల్లీమోలార్ స్థాయి ఎల్-ఆర్జినిన్ ఇస్తే కొంతైనా తిరిగి రావాలి, డీ-ఆర్జినిన్‌తో రాకూడదు. ఓడీక్యూతో కూడా తగ్గితే సైక్లిక్ జీఎంపీ మార్గం ఖాయమవుతుంది. ఎల్-నేమ్ ఇచ్చాక కూడా కొంత సడలింపు మిగిలితే వీఐపీ, ఏటీపీ వంటి తోడు ప్రసారకాలను అనుమానించాలి. పేగులో ఇలా మిగలడం మామూలే. ఈ పరీక్షలన్నీ కుదిరిన కణజాలానికే మీ వ్యాసంలో నైట్రెర్జిక్ (నైట్రిక్ ఆక్సైడ్‌తో సంకేతమిచ్చేది) అన్న విశేషణం వాడండి. రంజనం ఒక్కటే చేసినచోట ఎన్‌నాస్ పాజిటివ్ అనీ, డయాఫొరేజ్ మాత్రమే చేసినచోట డయాఫొరేజ్ పాజిటివ్ అనీ, ఫిక్సేషన్ కాలాన్ని పక్కనే పేర్కొంటూ రాయండి.